బోడెన్‌వెర్డర్‌లో మ్యుంష్‌హౌజెన్: ముందు సమాధి, తర్వాత మ్యూజియం, చివర్లో బొమ్మలు

హనోవర్‌లోనో గొట్టింగెన్‌లోనో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన తెలుగువాళ్ళు సెలవు దొరికితే బెర్లిన్‌కో హాంబుర్గ్‌కో బయలుదేరతారు. వేజర్ నది ఒడ్డున బోడెన్‌వెర్డర్ అనే చిన్న ఊరు ఉంది. దానికి ఒక రోజు కేటాయించమని అడగడానికే ఈ సమీక్ష రాస్తున్నాను. ఫిరంగి గుండు మీద ఎగరడం లాంటి కోతల కథలతో ప్రపంచమంతా పేరుపడ్డ 18వ శతాబ్దపు జర్మన్ దొర, ఆ ఊళ్ళోనే పుట్టి, ఆ ఊళ్ళోనే కన్నుమూసిన హీరోనిమస్ కార్ల్ ఫ్రీడ్రిష్ ఫాన్ మ్యుంష్‌హౌజెన్ పేరు మీద అక్కడ ఒక మ్యూజియం ఉంది, వీధుల్లో శిల్పాలు ఉన్నాయి, గైడుతో కలిసి ఊరు చూసే నడక ఉంది. మూడూ చూడదగ్గవే. అయితే వచ్చినవాళ్ళందరూ చూసే వరుసలో చూస్తే కథలు దొరుకుతాయి గానీ మనిషి దొరకడు. అందుకే వరుస మార్చుకోమంటాను. ముందు కెమ్నాడె చర్చిలో ఆయన సమాధి, తర్వాత మ్యూజియం, శిల్పాలు అన్నిటికన్నా చివర.

నేను పశువైద్యుడిని. ఉద్యోగకాలంలో ఎక్కువ భాగం హైదరాబాదులో గుర్రాల మధ్య గడిచింది. ఇప్పుడు హనోవర్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మ్యుంష్‌హౌజెన్ పేరు నాకు మొదట పరిచయమైంది కథల్లో కాదు, వైద్య పుస్తకంలో. లేని జబ్బును ఉన్నట్టు నటిస్తూ ఆసుపత్రుల చుట్టూ తిరిగే రోగుల గురించి 1951లో రిచర్డ్ ఆషర్ అనే బ్రిటిష్ వైద్యుడు లాన్సెట్ పత్రికలో రాస్తూ, ఆ స్థితికి ఈ దొర పేరు పెట్టాడు. అప్పటి నుంచి ప్రపంచమంతటా వైద్య విద్యార్థులు ఆ పేరును అబద్ధానికి మారుపేరుగా చదువుకుంటున్నారు. ఆ పేరు గల మనిషి అశ్వికదళంలో పనిచేసినవాడని, గుర్రాల మీదే యౌవనమంతా గడిపినవాడని తెలిశాక ఆయన ఊరు చూడాలనిపించింది. నేను వెతుక్కుంటూ వెళ్ళింది ఆ గుర్రపు సైనికుడినే.

చేరుకోవడం కష్టం కాదు గానీ కొంచెం ఓపిక కావాలి. బోడెన్‌వెర్డర్‌కు ఇప్పుడు ప్రయాణికుల రైలు లేదు. హనోవర్ నుంచి హామెల్న్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. హామెల్న్ అంటే ఎలుకలను, ఆ తర్వాత పిల్లలను వెంట తీసుకుపోయిన పిల్లనగ్రోవివాడి ఊరే. పిల్లలతో వెళ్ళేవాళ్ళు అక్కడ కాసేపు దిగవచ్చు. ఒకే రోజులో రెండు కథల ఊళ్ళు చూసినట్టవుతుంది. బస్సు నది వెంబడే వెళుతుంది. రెండు వైపులా అడవి కప్పిన గుట్టలు, మధ్యలో పొలాలు, సైకిళ్ళ మీద వెళ్ళే జనం. వేజర్ ఒడ్డున సైకిల్ దారి జర్మనీలో పేరున్న దారుల్లో ఒకటి కాబట్టి మోకాళ్ళు సహకరించేవాళ్ళు హామెల్న్ నుంచి సైకిలు మీద కూడా రావచ్చు. ఆదివారాల్లో, సెలవు రోజుల్లో బస్సులు పలచబడతాయి. తిరుగు బస్సు సమయం చూసుకున్నాకే ఊళ్ళోకి అడుగు పెట్టండి.

కెమ్నాడె ఇప్పుడు బోడెన్‌వెర్డర్‌లో భాగమే, నడిచి వెళ్ళగలిగేంత దూరం. అక్కడి మఠం చర్చి 11వ శతాబ్దం నాటిది. బరువైన రాతి గోడలు, చిన్న కిటికీలు, అలంకారం లేని స్తంభాలు. గోపురాలు, రంగు గాజులు చూడాలనుకునేవారికి ఇక్కడ పెద్దగా ఏమీ కనిపించదు. నాకు మాత్రం ఆ ఆడంబరం లేకపోవడమే బాగా నచ్చింది. 1797 ఫిబ్రవరి 22న చనిపోయిన మ్యుంష్‌హౌజెన్‌ను ఇక్కడే పూడ్చిపెట్టారు. అబద్ధాలకోరుగా ప్రపంచమంతా పిలిచిన మనిషి ఇంత మాటకారితనం లేని చోట ఉన్నాడంటే, ముందు ఇక్కడికి రమ్మని ఎందుకు చెబుతున్నానో మీకు అర్థమవుతుంది. ఫిరంగి గుండు మీద ఎగిరే బొమ్మ చూసి ఇక్కడికి వస్తే ఆ బొమ్మే కళ్ళలో మెదులుతుంది. ఇక్కడి నుంచి మొదలుపెడితే డెబ్బై ఆరేళ్ళు బతికిన ఒక మనిషితో మొదలుపెట్టినట్టవుతుంది.

ఆ డెబ్బై ఆరేళ్ళ కథ తెలుసుకుని వెళితే మ్యూజియంలో చూసే ప్రతి వస్తువుకూ అర్థం పెరుగుతుంది. అందుకని కొంచెం వివరంగా చెబుతాను.

1720 మే 11న బోడెన్‌వెర్డర్‌లోని కుటుంబపు భవనంలో పుట్టాడు. నాలుగేళ్ళకే తండ్రి పోయాడు. ఇంట్లో పిల్లలు చాలామంది. పాత ప్రభు వంశమే అయినా ఆస్తి అందరికీ పంచితే ఒక్కొక్కరికి మిగిలేది కొద్దే. ఇలాంటి ఇళ్ళలో మగపిల్లలకు అప్పట్లో తెరిచి ఉన్న దారి రాజాస్థానం, అక్కడి నుంచి సైన్యం. ఆ వంశంలోనే గెర్లాఖ్ అడోల్ఫ్ అనే మరొకరు హనోవర్ ప్రభుత్వంలో మంత్రిగా ఎదిగి గొట్టింగెన్ విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టాడు. అక్కడ చదువుతున్న మన పిల్లలు ఈ ఇంటిపేరును ఆ రకంగా వినే ఉంటారు. హీరోనిమస్ మాత్రం బ్రౌన్‌ష్వైగ్ రాజవంశం కొలువులో బాలపరిచారకుడిగా చేరాడు. ఆ వంశపు యువరాజు ఆంటోన్ ఉల్రిష్ అప్పటికే రష్యా వెళ్ళి ఉన్నాడు. రష్యా రాజకుటుంబపు అమ్మాయి అన్నా లియోపోల్దోవ్నాను పెళ్ళాడబోతున్నాడు. ఆయన కొలువు కోసం యువకుడైన మ్యుంష్‌హౌజెన్ కూడా రష్యా దారి పట్టాడు. టర్కీతో రష్యా యుద్ధం ఇంకా ముగియని రోజులవి.

1739లో ఆయన బ్రౌన్‌ష్వైగ్ పేరుమీద ఉన్న క్యూరాసియర్ దళంలో చిన్న అధికారిగా చేరాడు. క్యూరాసియర్లంటే ఛాతీకి ఉక్కు కవచం, చేతిలో బరువైన కత్తి, జీనుకు రెండు పిస్తోళ్ళు పెట్టుకునే భారీ అశ్వికదళం. రౌతు, కవచం, ఆయుధాలు, జీను అన్నీ కలిపి మోయాలంటే గుర్రం ఎముక గట్టిది కావాలి, ఛాతీ వెడల్పుగా ఉండాలి. అలాంటి గుర్రాన్ని బాల్టిక్ చలిలో ఆరోగ్యంగా నిలబెట్టడం ఎంత పనో నాకు తెలుసు. గిట్టలో ఇరుక్కున్న మంచుగడ్డ తీయకపోతే కాలు జారుతుంది. చెమట పట్టిన ఒంటిని తుడవకుండా వదిలేస్తే వాతం పట్టేస్తుంది. దళాధికారికి తన ప్రాణం గురించి ఎంత చింతో గుర్రం గురించి అంతకు తక్కువ ఉండదు.

1740లో లెఫ్టినెంట్ అయ్యాడు. అదే ఏడాది ఆంటోన్ ఉల్రిష్ కొడుకు, నెలల పసివాడు, ఆరవ ఇవాన్ పేరుతో రష్యా చక్రవర్తి అయ్యాడు. తల్లి రాజప్రతినిధి అయింది. తన యజమాని ఇప్పుడు చక్రవర్తికి తండ్రి! ఇరవై ఏళ్ళ అధికారికి ఇంతకన్నా మంచి కాలం ఏముంటుంది? సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 1741 చివర్లో, పీటర్ ద గ్రేట్ కూతురు ఎలిజబెత్ రాత్రికి రాత్రి తిరుగుబాటు చేసి సింహాసనం ఎక్కింది. పసి చక్రవర్తినీ తల్లిదండ్రులనూ ఖైదు చేశారు. ఆ బిడ్డ మళ్ళీ స్వేచ్ఛ చూడలేదు. 1764లో ష్లూసెల్‌బుర్గ్ కోటలో కాపలావాళ్ళ చేతుల్లోనే ప్రాణం పోయింది. ఆంటోన్ ఉల్రిష్ ఉత్తరాన ఖోల్మోగొరీలో బందీగానే చనిపోయాడు. మ్యుంష్‌హౌజెన్ అప్పటికి కొలువు వదిలి బాల్టిక్ తీరపు రీగా నగరంలో దళంతో ఉండడం వల్ల బతికిపోయాడు. ఉద్యోగంలో మాత్రం ఆగిపోయాడు. తర్వాతి పదవి, రిట్‌మైస్టర్ అంటే అశ్వికదళ కెప్టెన్, రావడానికి 1750 దాకా ఆగాల్సి వచ్చింది. అండగా ఉన్న పెద్దమనిషి పడిపోతే కింది ఉద్యోగి ఏళ్ళ తరబడి అదే కుర్చీలో కూర్చోవడం ప్రభుత్వ ఉద్యోగం చేసిన ఎవరికైనా తెలిసిన సంగతే.

ఆ ఆగిపోయిన ఏళ్ళలో ఆయనకు దొరికినవి రెండు. 1744లో యకోబీనె ఫాన్ డుంటెన్‌తో పెళ్ళి. ఆమె రీగాకు ఉత్తరాన డుంటె అనే ఎస్టేటు అమ్మాయి. ఆ ఊరు ఇప్పుడు లాట్వియాలో ఉంది, అక్కడా ఆయన పేరున మ్యూజియం నడుపుతున్నారు. అదే సంవత్సరం జర్మనీ నుంచి రష్యాకు పెళ్ళికూతురిగా వెళుతున్న ఒక చిన్న సంస్థానపు రాకుమారి తల్లితో కలిసి రీగా మీదుగా ప్రయాణించింది. వాళ్ళకు స్వాగతం పలికిన గౌరవ దళానికి నాయకుడు మ్యుంష్‌హౌజెనే. పద్నాలుగేళ్ళ ఆ సోఫీయే తర్వాత రెండవ కేథరిన్, రష్యాను ముప్పై నాలుగేళ్ళు ఏలిన మహారాణి. ఒక గుర్రపు అధికారి జీవితంలో ఇంత చరిత్ర దాటి వెళ్ళింది. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పన లేదు. ఫిరంగి గుండు కథలు తెలిసినవాళ్ళలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

1750 ప్రాంతంలో ఆస్తి పంపకాల కోసం సెలవు మీద ఊరు వచ్చాడు. మళ్ళీ దళానికి వెళ్ళలేదు. 1752లో జరిగిన పంపకంలో బోడెన్‌వెర్డర్ భాగం ఆయనకు వచ్చింది. అక్కడి నుంచి చనిపోయేదాకా నలభై ఐదేళ్ళు ఆయన భూస్వామి. పొలాలు, అడవి, వేట, కుక్కలు, గుర్రాలు, చుట్టుపక్కల ప్రభువులతో రాకపోకలు. 1757లో పక్కనే హామెల్న్ దగ్గర హాస్టెన్‌బెక్ యుద్ధం జరిగి ఆ ప్రాంతమంతా ఫ్రెంచివాళ్ళ చేతుల్లోకి పోయినప్పుడు కూడా ఆయన తన ఎస్టేటులోనే ఉన్నాడు. పిల్లలు లేరు. యకోబీనెతో నలభై ఆరేళ్ళ కాపురం సఖ్యంగానే సాగిందంటారు.

ఇప్పుడు మ్యూజియం. షూలెన్‌బుర్గ్ అనే పాత భవనంలో ఉంది. చిన్నదే, గంటన్నరలో చూసేయవచ్చు. టికెట్టు కొద్ది యూరోలు. ఇందులో ప్రధానమైనది పుస్తకాల సేకరణ. ఎన్నో భాషల్లో, ఎన్నో కాలాల్లో అచ్చయిన మ్యుంష్‌హౌజెన్ కథలు, వాటికి వేసిన బొమ్మలు. గ్యుస్టావ్ డోరె 1862లో వేసిన చిత్రాల్లోని ఆ ముక్కు, ఆ మీసం మీరు ఎక్కడో చూసే ఉంటారు. ప్రపంచానికి ఆ ముఖమే ఆయన ముఖమైపోయింది. ఆయన చనిపోయాక అరవై ఐదేళ్ళకు, ఆయన్ను ఎన్నడూ చూడని కళాకారుడు ఊహించి గీసిన ముఖమది. దాని ముందు నిలబడి చూస్తున్నప్పుడు ఆ లెక్క మనసులో పెట్టుకోండి.

ఆ అద్దాల పెట్టెల్లోని పుస్తకాల చరిత్రే ఆయన బాధల చరిత్ర కూడా. 1781లో బెర్లిన్‌లో వచ్చిన ఒక హాస్య సంకలనంలో ఆయన చెప్పే కథలు కొన్ని అచ్చయ్యాయి. పేరులో కొన్ని అక్షరాలు మింగేసి, పోల్చుకోగలిగేలానే వేశారు. తర్వాత రూడాల్ఫ్ ఎరిష్ రాస్పె వచ్చాడు. హనోవర్‌లో పుట్టినవాడు, గొప్ప పండితుడు, భూగర్భ శాస్త్రం తెలిసినవాడు. కాసెల్ ప్రభువు నాణేల సేకరణకు బాధ్యుడిగా ఉంటూ వాటిలో కొన్ని అమ్ముకున్నాడు. అది బయటపడగానే 1775లో ఇంగ్లండుకు పారిపోయాడు. అక్కడ డబ్బుకు ఇబ్బంది పడుతూ 1785 చివర్లో ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం వేశాడు. దాని మీద రచయిత పేరు లేదు గానీ మ్యుంష్‌హౌజెన్ పేరు మాత్రం పూర్తిగా ఉంది. మరుసటి ఏడాదే గొట్టింగెన్ కవి గాట్‌ఫ్రీడ్ ఆగస్ట్ బ్యుర్గర్ దాన్ని జర్మన్‌లోకి తెచ్చి సొంతంగా మరికొన్ని కథలు చేర్చాడు. ఆయన కూడా పేరు పెట్టుకోలేదు. తన జుట్టు తనే పట్టుకుని గుర్రంతో సహా ఊబిలోంచి పైకి లాక్కున్న కథ, ఫిరంగి గుండు మీద సవారీ కథ బ్యుర్గర్ కలానివే. ఈ రోజు మ్యుంష్‌హౌజెన్ అనగానే అందరికీ గుర్తొచ్చే ఆ రెండు కథలను మ్యుంష్‌హౌజెన్ చెప్పనే లేదు!

ఈ విషయం దగ్గర నాకు కోపం వస్తుంది. దొంగతనం చేసి పారిపోయినవాడు పేరు దాచుకున్నాడు, దాన్ని పెంచి రాసినవాడూ పేరు దాచుకున్నాడు. అబద్ధాలకోరు అనే బిరుదు మాత్రం తన ఇంట్లో, తన అతిథులకు, తన భోజనాల బల్ల దగ్గర కథ చెప్పిన మనిషికి దక్కింది. రాస్పె, బ్యుర్గర్ ఇద్దరూ 1794లో చనిపోయారు. వాళ్ళ పేర్లు బయటపడింది ఆ తర్వాతే. ఎవరిని నిలదీయాలో కూడా తెలియని పోరాటం ఆయనది.

ఆయన ఎలా చెప్పేవాడో చూసినవాళ్ళు రాసిపెట్టారు. రాత్రి భోజనమయ్యాక పెద్ద పొగాకు పైపు వెలిగించి, ఎదురుగా వేడి మద్యం గ్లాసు పెట్టుకుని మొదలుపెట్టేవాడు. కథ ఊపందుకునే కొద్దీ చేతులు కదిలేవి, నెత్తి మీది చిన్న విగ్గు అటూ ఇటూ జరిగేది, ముఖం ఎర్రబడేది. గొప్పలు చెప్పుకునే అతిథి ఎవరైనా ఉంటే వాడిని మించిన గొప్ప చెప్పి నోరు మూయించడం ఆయనకు సరదా. తెలంగాణ పల్లెల్లో పిట్టలదొరను చూసినవాళ్ళకు ఈ కళ వేరే చెప్పనక్కర్లేదు. ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, భుజాన కర్ర తుపాకీ పెట్టుకుని లేని జాగీర్లు, జరగని పెళ్ళిళ్ళు, ఆకాశమంత వంటశాలలు గడగడా చెప్పుకుపోతాడు. వినేవాళ్ళు కడుపుబ్బ నవ్వి చేటెడు గింజలు పోస్తారు. ఆయన్ను అబద్ధాలకోరని ఎవరూ అనరు. చెప్పేవాడికీ వినేవాడికీ మధ్య ఒప్పందం ఉంటుంది. ఆ ఒప్పందంలో లేని మూడోవాడు మాటలను ఎత్తుకుపోయి లండన్‌లో అచ్చు వేశాడు. అచ్చులో విగ్గు జరగదు, ముఖం ఎర్రబడదు. మిగిలేది వట్టి కోతలే.

గైడుతో నడక గురించి. మమ్మల్ని తీసుకెళ్ళిన ఆవిడ నింపాదిగా, స్పష్టమైన జర్మన్‌లో మాట్లాడింది. భాషలో నడిమి స్థాయి దాటినవాళ్ళకు ఇబ్బంది ఉండదు. మొదలుపెట్టినవాళ్ళు మాత్రం తోడుగా ఎవరినైనా తీసుకెళ్ళాలి. మాతో రష్యన్ మాట్లాడే ఒక కుటుంబం నడిచింది. వాళ్ళకు ఈ దొర సొంత మనిషంత తెలుసు. తాతగారు ప్రతి మలుపు దగ్గరా మనవడికి కథ ముందే చెప్పేస్తున్నాడు. గైడు విసుక్కోకుండా ఆయనకే మాట వదిలేసింది. ఆ మర్యాద నాకు బాగా నచ్చింది. ఈ నడకలో కథలకిచ్చినంత సమయం రీగాకు, దళానికి ఇవ్వలేరు. ఉన్నది తక్కువ సమయం, వచ్చేది ఎక్కువగా పిల్లలు. అందుకే జీవితం గురించి ముందే చదువుకుని వెళ్ళమంటున్నాను. నేను రష్యా రోజుల గురించి అడిగితే ఆవిడ నడక ముగిశాక ఆగి మరీ చెప్పింది. అడిగితే చెప్పేవాళ్ళున్నారు, అడగాలంతే.

ఆయన పుట్టిన భవనమే ఇప్పుడు ఊరి పురపాలక కార్యాలయం. జనన ధ్రువపత్రాల కోసం, పన్నుల కోసం జనం మ్యుంష్‌హౌజెన్ ఇంటి గుమ్మం ఎక్కుతున్నారన్నమాట. దాని ముందే ఉంది అసలు నేను చూడాలనుకున్న ఫౌంటెన్. సగం గుర్రం. టర్కీ యుద్ధంలో ఓచాకోవ్ కోటలోకి శత్రువును తరుముతూ దూసుకెళ్ళినప్పుడు ద్వారపు ఇనుప తలుపు పైనుంచి పడి గుర్రం వెనక భాగం తెగి బయటే ఉండిపోయిందట. దొరకు ఆ సంగతి తెలియదు. ఊరి మధ్య తొట్టి దగ్గర నీళ్ళు తాగిస్తుంటే గుర్రం ఎంతకీ ఆపదు. వెనక్కి తిరిగి చూస్తే తాగిన నీళ్ళన్నీ వెనక నుంచి కారిపోతున్నాయి. శిల్పి పట్టుకున్నది ఆ క్షణాన్నే. గుర్రం తల వంచి తాగుతోంది, రౌతు వెనక్కి తిరిగాడు, వెనక నుంచి నీటిధార పడుతోంది.

అక్కడ పిల్లలు నవ్వుతుంటే నేను చాలాసేపు నిలబడిపోయాను. ఈ కథ గుర్రం తెలిసినవాడికి తప్ప రాదు. దౌడు తీసి వచ్చిన గుర్రం తొట్టిలో మూతి పెడితే ఆపకుండా తాగుతుంది. గుటక గుటకకీ చెవులు ముందుకీ వెనక్కీ కదులుతాయి, గొంతులో నీరు కిందికి జారడం పక్కన నిలబడితే కనిపిస్తుంది, వినిపిస్తుంది. పనిచేసే గుర్రం రోజుకు ముప్పై, నలభై లీటర్లు తాగుతుంది. దాని జీర్ణాశయం మాత్రం ఒంటితో పోలిస్తే చిన్నది. పైగా గుర్రానికి వాంతి చేసుకునే శక్తి లేదు, లోపలికి వెళ్ళింది వెనక్కి రాదు. అందుకే ఒళ్ళు కాగిన గుర్రానికి నీళ్ళు కొంచెం కొంచెంగా పట్టాలని పాతకాలం రౌతులు పట్టుదలగా పాటించేవారు. ఎంత తాగింది, ఇంకెంత తాగుతుంది, ఎప్పుడు మూతి లాగాలి అని కళ్ళాలు పట్టుకుని లెక్కపెట్టుకుంటూ నిలబడిన మనిషికే ‘ఈ నీళ్ళన్నీ ఎటు పోతున్నాయి’ అనే ఆలోచన వస్తుంది. ఆ కథకు పునాది అబద్ధం కాదు, గుర్రం పక్కన గడిపిన గంటలు. తర్వాత గుర్రపు వైద్యుడొకడు రెండు ముక్కలనూ లారెల్ కొమ్మలతో కుట్టేస్తే, ఆ కొమ్మలు చిగిర్చి దొర నెత్తిన పందిరి అయ్యాయని కథ సాగుతుంది. మా వృత్తివాడికి కథలో అంత గౌరవం దక్కినందుకు సంతోషించాను.

మంచులో గుర్రాన్ని ఒక మొనకు కట్టేసి పడుకుంటే, తెల్లారేసరికి మంచు కరిగి గుర్రం చర్చి శిఖరానికి వేలాడుతున్న కథ కూడా అంతే. రష్యా శీతాకాలంలో ఆనవాలు తెలియకుండా కప్పేసే మంచులో దారి వెతుక్కున్నవాడికే అది తట్టేది. శిల్పాలను చివర చూడమన్నది ఇందుకే. జీవితం తెలిశాక చూస్తే ప్రతి కథ వెనకా ఒక రాత్రి ప్రయాణం, ఒక గుర్రం, ఒక దళం కనిపిస్తాయి. తెలియక చూస్తే ఫోటోలకు పనికొచ్చే బొమ్మలంతే.

ఓపిక ఉన్నవాళ్ళు ఆయన 1763లో తోటలో కట్టించుకున్న చిన్న విడిది కూడా చూడండి. అందులో స్నేహితులను కూర్చోబెట్టుకుని కథలు చెప్పేవాడు. పుస్తకాలు వచ్చాక స్నేహితుల స్థానంలో వింత చూడ్డానికి వచ్చే జనం మొదలయ్యారు. ‘అబద్ధాల దొర’ ఇల్లు ఏదని అడుగుతూ వచ్చేవాళ్ళకు ముఖం చూపించడం ఆయనకు దుర్భరమైపోయింది. 1790లో యకోబీనె పోయింది. 1794లో, డెబ్బై మూడేళ్ళ వయసులో, తనకన్నా యాభై ఏళ్ళకు పైగా చిన్నదైన బెర్న్‌హార్డీనె ఫాన్ బ్రున్‌ను పెళ్ళాడాడు. ఆ పెళ్ళి పెటాకులై కోర్టుకెక్కింది, వ్యాజ్యం ఖర్చులకు ఉన్న డబ్బు కరిగిపోయింది. అప్పుల్లో, వారసుడు లేకుండా చనిపోయాడు. ఈ చివరి ఏళ్ళను సెలవు మూడ్‌లో ఉన్న సందర్శకుల ముందు ఎవరూ ఎక్కువగా చెప్పరు. అది అర్థం చేసుకోదగ్గదే. కానీ అవి లేకుండా ఈ జీవితం పూర్తి కాదు.

భోజనం సంగతి. ఊళ్ళో ఒక కాఫీ దుకాణంలో మాంసం లేనిది కావాలని రెండుసార్లు చెప్పినా, పంది మాంసపు ముక్కలు చల్లిన బంగాళాదుంపలు తెచ్చిపెట్టారు. మార్చమంటే మార్చారు గానీ ముఖం మార్చుకున్నారు. శాకాహారులు ముందే గట్టిగా చెప్పుకోవాలి, లేదా ఇంటి నుంచి పులిహోర కట్టుకెళ్ళాలి. నది ఒడ్డున కూర్చుని తినడానికి బెంచీలు బాగున్నాయి. మే, జూన్ నెలల్లో వెళితే తెల్ల ఆస్పరాగస్, ఉడికించిన బంగాళాదుంపలు, వెన్న పులుసు తప్పకుండా అడగండి. ఈ ప్రాంతపు పంట, కారం లేకపోయినా రుచి ఉంది.

ఎండాకాలంలో నెలలో మొదటి ఆదివారం మధ్యాహ్నం స్థానికులు వేషాలు వేసి మ్యుంష్‌హౌజెన్ కథలను ఆరుబయట ప్రదర్శిస్తారు. పిల్లలున్నవాళ్ళు ఆ రోజు చూసుకుని వెళ్ళడం మంచిది. పెద్దవాళ్ళకు మామూలు రోజే నయం, మ్యూజియంలో నిదానంగా నిలబడి చదువుకోవచ్చు. చలికాలంలో వెళ్ళేవాళ్ళు మ్యూజియం తెరిచి ఉందో లేదో ముందే ఫోను చేసి కనుక్కోండి. చర్చి విషయంలోనూ అంతే. వీధుల్లో గులకరాళ్ళ పరుపు ఉంది కాబట్టి చక్రాల కుర్చీ, పిల్లల బండి తోసుకెళ్ళేవాళ్ళకు కొంచెం కష్టం.

నా లెక్కలో మ్యూజియానికి ఐదుకు నాలుగు, గైడు నడకకు నాలుగున్నర, ఫౌంటెన్‌కు ఐదుకు ఐదు. గుర్రాలంటే ఇష్టమున్నవాళ్ళు మరో రోజు పెట్టుకుని త్సెల్లె (Celle) అనే ఊరికి కూడా వెళ్ళండి. హనోవర్‌ను, బ్రిటన్‌ను కలిపి ఏలిన రెండవ జార్జి 1735లో అక్కడ పెట్టిన గుర్రాల పెంపక కేంద్రం ఇప్పటికీ నడుస్తోంది. మ్యుంష్‌హౌజెన్‌కు అప్పుడు పదిహేనేళ్ళు. ఆ కేంద్రం గురించి విడిగా రాస్తాను.